ఎనభై రెండు మీద చావుకబుర్లు

ముకీబికి ఇంకా నాలుగు గంటలే టైముంది.

మధ్యాహ్నం రెండింటికి అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్య కేసులో బెయిలిచ్చే అధికారం ఆ మేజిస్ట్రేటుకి లేదు. రిమాండు అని ఒక్కమాట రాసి చేతులు దులుపుకుంటాడు. కంపాలాలో ఆ ఒక్కమాటంటే మూడేళ్ళు, ఒక్కోసారి నాలుగు. చేశాడో లేదో తేలేసరికి మనిషి జైల్లోనే సగం అరిగిపోతాడు.

ఈ లెక్క నలుమాన్సికి కొత్త కాదు. పదహారేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసినప్పుడు ఎంతమందినో ఆ జైలు బండి ఎక్కించింది తనే. రెండేళ్ళ క్రితం పై అధికారి రుబరేమా వసూళ్ళ మీద ఒక ఫిర్యాదు రాసింది. రుబరేమాకి ప్రమోషన్ వచ్చింది, ఈవిడకి ఉద్యోగం పోయింది. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్ అని ఒక రేకు బోర్డు, దాని కింద ఒక విరిగిన కుర్చీ మిగిలాయి. నా కొడుకుని విడిపించమని నిన్న ముకీబి తల్లి వచ్చి ఆ బోర్డు కిందే నిలబడింది. అతన్ని లోపల వేసినవాడు కూడా ఆ రుబరేమాయే.

గురువారం పొద్దున పది గంటలకి స్టేషన్ వెనక తలుపు తీసింది కానిస్టేబుల్ వలుసింబి. నలుమాన్సికి సొంత తమ్ముడు.

"పది నిమిషాలే అక్కా. ఆయనొచ్చాడంటే నా టోపీ ఎగిరిపోతుంది," అంటూ కాగితంలో చుట్టిన రోలెక్స్ ఆవిడ చేతిలో పెట్టాడు. వేడి చపాతీలో గుడ్డు అట్టు ఇంకా పొగలు కక్కుతోంది. "పొద్దున్నుంచి ఏమీ తినుండవు. నాకు తెలుసు."

"ఆ చేతికేమైందిరా?"

వలుసింబి కట్టు కట్టిన కుడి అరచేతిని వెనక్కి లాక్కున్నాడు. "పనసకాయ కోస్తుంటే కత్తి జారింది."

"చేతికి నూనె రాసుకుని కొయ్యరా అని అమ్మ మొత్తుకునేది."

"అమ్మ చెప్పినవన్నీ విన్నామా ఏంటి," అని నవ్వాడు.

ఆ నవ్వు చూస్తే ఆవిడ కడుపు నిండిపోతుంది. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. వాడి చేత అక్షరాలు దిద్దించింది తను, పోలీసు పరీక్షకి కూర్చోబెట్టింది తను. ఉద్యోగం పోయాక పెట్రోలు పోయించే స్తోమత లేక, తన పాత తెల్ల కారు కూడా వాడికే ఇచ్చేసింది. ఈ ఊళ్ళో ఆవిడకంటూ మిగిలిన ఆస్తి ఆ ముప్ఫై ఒక్కేళ్ళ మనిషే.

ముకీబి కటకటాల వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పాత కార్లలో స్టీరియోలు మార్చే పని అతనిది. స్పేర్ల బజారులో తలుపంత కొట్టు. పెదవి చిట్లి ఉంది.

"ఏడవడం తర్వాత. శనివారం ఏం చేశావో చెప్పు," అంది నలుమాన్సి.

"ఏం చేశానండీ, మాస్టారి కారుకి కొత్త స్టీరియో పెట్టాను. అదే నా ఖర్మ!"

లుతాయా మాస్టారు మంగళవారం చిత్తడినేల పక్క రోడ్డు మీద, తన కారులోనే, తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. నలభై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మందికి పటం చూడటం నేర్పింది ఆయనే. అలాంటి మనిషికి డెబ్బై రెండో ఏట కారులో దారి చూపే పటం కావాలనిపించింది. డ్యాష్‌బోర్డ్‌లో ఒక తెర, అందులో నీలం గీతలా దారి. ముకీబి కొట్టు నుంచి మంగళవారం సాయంత్రం రుబరేమా బయటికి తీసింది ఆ తెరనే. కొత్త సామాను మీద కన్నేసి ముసలాయన్ని చంపాడని కేసు.

"ఆ కారు జపాన్ నుంచి దిగిందండీ. పాత స్టీరియో తాళం తిప్పగానే ఆడగొంతుతో జపాను మాటేదో చెప్పేది. పదకొండేళ్ళుగా మాస్టారు రోజూ 'అలాగేనమ్మా' అని జవాబిచ్చేవారట. దాన్ని పీకేస్తుంటే, అయ్యో ఆవిణ్ణి ఎక్కడికి పంపిస్తున్నావయ్యా అన్నారు." ముకీబి నవ్వబోయాడు, పెదవి మండి ఆగిపోయాడు. "నాలుగు గంటలు పట్టింది. కారుతో పాటే పుట్టినట్టు అమర్చాను. చూసినవాడు కంపెనీ నుంచే వచ్చిందనుకోవాలి. అదే నా పని."

"తియ్యాలంటే?"

"ముందు పైనున్న గాలి జాలీని వేళ్ళతో వదులు చెయ్యాలి. దాని కింద నాలుగు స్క్రూలు. నేను పెట్టింది నేను తీస్తే గీత కూడా పడదండీ."

"ఇంకా? పనికిరాదనుకున్నది కూడా చెప్పు."

"ఇంకేముంది... రేడియో దగ్గర ఒక పేచీ పెట్టారు. జపాన్ రేడియో తొంభై దాటి పోదు కదా. మన స్టేషన్లేమో అన్నీ పైనుంటాయి. అందుకని ఏరియల్ వైరుకి ఒక డబ్బీ తగిలిస్తాం, అది స్టేషన్లని పన్నెండు కిందికి దింపుతుంది. రోజూ ఒంటిగంటకి పోయినవాళ్ళ పేర్లు చదువుతారే, ఆ చావుకబుర్ల స్టేషన్ అసలు నంబరు తొంభై నాలుగు. జపాన్ కార్లో అది ఎనభై రెండు మీద పలుకుతుంది. కొత్తదానికి ఆ అవసరం లేదు, డబ్బీ పీకేశాను. తెర మీద తొంభై నాలుగు పడగానే మాస్టారు, 'నా ఎనభై రెండు ఏదయ్యా?' అని ఒకటే గోల. ఇదే అదండీ, ఇదే అసలు నంబరండీ అని పావుగంట చెప్పాను."

నలుమాన్సి కూడా పదకొండేళ్ళు ఎనభై రెండే విన్నది. ఆవిడకే కాదు, పాత జపాన్ కారున్న ప్రతివాడికీ ఆ స్టేషన్ నంబరు అదే. వేరే నంబరుందంటే దెబ్బలాటకొస్తారు.

"మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"కొట్లో. ఒక్కణ్ణే. ఒక్క పురుగు రాలేదు. అదృష్టం చూశారా!"

తలుపు దగ్గర వలుసింబి దగ్గాడు. పది నిమిషాలైంది.

బయటికొస్తూ నలుమాన్సి అడిగింది. "మంగళవారం ఈ వార్త ఎప్పుడొచ్చిందిరా?"

"ఒంటిగంటా నలభైకి. ఒంటిగంట నుంచీ అందరం ఇక్కడే కూర్చుని కటోగో తింటున్నాం. అరటికాయ ముక్క నోట్లో ఉండగానే ఫోనొచ్చింది." వలుసింబి గొంతు తగ్గించాడు. "వదిలెయ్ అక్కా. మాస్టారెలాగూ తిరిగి రారు."

"ముకీబి కూడా తిరిగి రాడురా, ఈ రెండు దాటితే."

పదకొండుంబావుకి ఆవిడ స్టేషన్ వెనక దొడ్లో మాస్టారి కారు తలుపు తీసింది. చూడటానికి మాస్టారి భార్య రాసిచ్చిన అనుమతి చీటీ చేతిలో ఉంది. ఆ చీటీ చూసి కాపలావాడు మొహం చిట్లించుకుని తాళమిచ్చాడు.

డ్యాష్‌బోర్డ్ మధ్యలో పన్ను ఊడిన చిగురులా ఒక గొయ్యి. ఆవిడ టార్చి వేసి చూసింది. గాలి జాలీని ఎవరూ కదపలేదు, దాని మీద దుమ్ము అలాగే ఉంది. తెరని కింది నుంచి ఏదో ఇనుప ముక్కతో ఎత్తి పీకారు. క్లిప్పులు ఆరూ విరిగాయి. నాలుగు స్క్రూలు తొడుక్కున్న ప్లాస్టిక్ ముక్కలతో సహా చిరిగొచ్చాయి. నాలుగు గంటలు ప్రాణం పెట్టి అమర్చినవాడు ఇలా పీకడు. ఇది ఆ పని తెలియనివాడు, ఒళ్ళంతా చెమటతో, కంగారుగా పీకిన పీకుడు.

విరిగిన ప్లాస్టిక్ అంచు కత్తిలా ఉంది. దాని మీద ఎండిన రక్తం, గోరంత మరక. డ్రైవరు సీటు వెనక పారిన మాస్టారి రక్తం ఇంత దూరం ఎగిరి, అదీ గొయ్యి లోపలి అంచుకి అంటదు. పీకినవాడి చెయ్యే తెగి ఉండాలి. ముకీబి రెండు చేతులూ కటకటాల మధ్య నుంచి చూసింది తను. గ్రీజు ఉంది కానీ గాటు లేదు.

"ఏమ్మా ఇన్‌స్పెక్టరుగారూ! పొరపాటు, మాజీ ఇన్‌స్పెక్టరుగారూ! దారి తప్పారా?"

రుబరేమా. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం. వెనక అతని కొత్త సర్కారీ జీపు, అందులో డ్రైవరు రేడియో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు.

"దారి తప్పింది నేను కాదు, మీ కేసు," అంది నలుమాన్సి. "ఇది పీకినవాడికి స్క్రూ ఎక్కడుంటుందో కూడా తెలీదు. చెయ్యి కోసుకున్నాడు. ముకీబి చేతులు చూశారా?"

"నాకు చేతులు చూసి జాతకం చెప్పే విద్య రాదు. నాకు సాక్షి ఉంది." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఆవిడకి అందకుండా ఎత్తి పట్టుకుని, బళ్ళో పిల్లాడిలా రాగం తీస్తూ చదివాడు. "చేపలు అమ్ముకునే నలోంగో వాంగ్మూలం. మంగళవారం సరిగ్గా ఒంటిగంటకి నేను చేప ఇవ్వడానికి కారు దగ్గరికి వెళ్ళాను. మాస్టారు బతికే ఉన్నారు. పక్కన స్టీరియోలు బిగించే ముకీబి కూర్చున్నాడు. కొత్త తెర మీద ఎనభై రెండులో చావుకబుర్లు వస్తున్నాయి. ఇదిగో వేలిముద్ర. చాలా, ఇంకా కావాలా?"

ఎనభై రెండు! శనివారం నుంచీ ఆ కారులో ఎనభై రెండే లేదు. తెర మీద తొంభై నాలుగు ఉండాలి. ఇది కళ్ళతో చూసి చెప్పిన మాట కాదు, అలవాటు కొద్దీ ఎవడో రాసిన అబద్ధం. కొత్త తెర ఎక్కినా, ఆ రాసినవాడి చెవిలో ఇంకా పాత జపాన్ రేడియోనే మోగుతోంది.

ఆవిడ జీపు వైపు చూసింది. రేడియో మీద ఎర్రగా తొంభై నాలుగు వెలుగుతోంది. రుబరేమా ఇరవై ఏళ్ళుగా సర్కారు కొత్త బళ్ళే ఎక్కాడు. అందుకే ఆ తప్పు అతని కంటికి ఆనలేదు. అంటే రాయించింది ఇతనే అయినా, రాసిన చెయ్యి మాత్రం వేరే.

"ఒంటిగంటే ఎందుకు?" అంది ఆవిడ. "డాక్టరు పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఎప్పుడైనా పోయి ఉండొచ్చన్నాడు. ఒంటిగంట దాకా మాస్టార్ని బతికించి తీరాలన్న అవసరం ఎవరికొచ్చింది? ఒంటిగంటకి పదిమందిలో కూర్చున్నవాడెవడు?"

రుబరేమా మొహంలో వెటకారం పోయింది. జాలిలాంటిదేదో వచ్చింది. ఆ జాలే ఆవిడకి ఒళ్ళు మండించింది.

"నలుమాన్సీ, ఒక మంచిమాట చెప్తా విను. ఈ దారం లాగకు. లాగితే ఊడేది నా కోటు కాదు, నీ ఇల్లు."

"నా ఇల్లు మీరు రెండేళ్ళ క్రితమే పీకేశారుగా. ఇంకేం మిగిల్చారని బెదిరిస్తారు?"

"ఏదో మిగిలిందిలే," అన్నాడు రుబరేమా, వాచీ చూసుకుంటూ. "రెండింటికి కోర్టులో కలుద్దాం."

పన్నెండూ ఇరవై. గేటు బయట తెల్ల కారు ఆగి ఉంది. వలుసింబి తల బయటికి పెట్టాడు. భోజనం టైము, ఎక్కడికైనా దింపుతానన్నాడు.

"చిత్తడినేల రోడ్డుకి పోనీ. ఆ చేపలావిడ దగ్గరికి."

బండి గేరు కీచుమంది. "ఎందుకక్కా? అదొక తిక్కల మనిషి. ఏం చెప్తుందో దానికే తెలీదు."

"తిక్కలదాని వేలిముద్ర మీదే కదరా ఒక మనిషిని జైలుకి పంపుతున్నారు."

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా, వాడు బండి దూరంగా ఆపి, నువ్వెళ్ళిరా అన్నాడు.

రోడ్డుకి అవతల పక్క నలోంగో మూకుట్లో చేపలు వేయిస్తోంది. కవల పిల్లల్ని కన్న తల్లిని ఈ దేశంలో ఎవరూ పేరు పెట్టి పిలవరు, నలోంగో అనే గౌరవంగా అంటారు. ఆవిడ మాత్రం నలుమాన్సిని చూడగానే గరిటె పట్టుకున్న చేతిని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నాకేం తెలీదు న్యాబో, నాకేం తెలీదమ్మగారూ. చెప్పాల్సింది కాగితం మీద చెప్పేశా."

"ఆ కాగితంలో ఏముందో నీకు తెలుసా?"

"చదువుంటే ఈ నూనె పొగలో ఎందుకుంటాను?"

"నువ్వు మాస్టారి కారు దగ్గరికెళ్ళి, తెర మీద నంబరు చూశావనుంది. ముకీబి పక్కన కూర్చున్నాడనుంది."

"నేనా!" గరిటె మూకుట్లో పడింది. "నేనీ గట్టు దాటలేదమ్మా! ముకీబి ఎవడు? తెల్లవాడో నల్లవాడో కూడా నాకు తెలీదు!"

"ఇవాళ రెండింటికి వాణ్ణి లోపలేస్తారు నలోంగో. వాడికీ తల్లుంది. నీ కవలల మీద ఒట్టేసి చెప్పు. మంగళవారం ఇక్కడేం జరిగింది?"

మూకుట్లో చేప మాడింది. నలోంగో దాన్ని తీసి పక్కన పడేసింది.

"పన్నెండు దాటింది. ఒక పోలీసు ఒక్కడే నిలబడి బళ్ళు ఆపుతున్నాడు. నెలాఖరు కదా, ఆపుతారు. మాస్టారి బండి ఆపాడు. కారులో టీవీ పెట్టుకుని నడుపుతున్నావు, తప్పు, ఇరవై వేల షిల్లింగులివ్వు అన్నాడు. మాస్టారు దిగారు. ఇది టీవీ కాదురా, పటం, నీకు పటం చూడటం నేర్పినవాణ్ణి నేనేనని కేకలేశారు. వాడి చెవి పట్టుకున్నారమ్మా, బళ్ళో పట్టుకున్నట్టు. రోడ్డు మీద బళ్ళవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. వాడు తోశాడు. అంతే. ఆ మోరీ రాయి చూడు, దాని మీద పడ్డారు. మళ్ళీ లేవలేదు. వాడు కింద కూర్చుని, మాస్టారూ మాస్టారూ అని ఒకటే ఏడుపు. తర్వాత ఎవరికో ఫోన్ చేశాడు. మాట్లాడాక కన్నీళ్ళు తుడుచుకుని, ఆయన్ని కారులో పెట్టి, ఆ తెర పీకాడు. చెయ్యి తెగి రక్తం కారుతుంటే చొక్కాకే తుడుచుకున్నాడు. సాయంత్రం కాగితం పట్టుకొచ్చి, నా వేలు తీసుకుని నొక్కింది కూడా వాడే. అప్పుడు చేతికి కట్టుంది."

పనసకాయ. ఒంటిగంటకి కటోగో. ఈ దారం లాగకు. ఒక్కొక్కటీ వచ్చి గుండెలో దిగుతుంటే నలుమాన్సి నోరు మాత్రం ఇంకా మొండిగా అడిగింది. "ఏ చెయ్యి?"

నలోంగో ఆవిడ భుజం మీదుగా తెల్ల కారు వైపు చూసింది.

"నువ్వు దిగింది వాడి బండిలోంచే కదమ్మా," అంది మెల్లగా.

నలుమాన్సి రోడ్డు దాటి వచ్చి కారెక్కి కూర్చుంది. రేడియోలో ఒంటిగంట చావుకబుర్లు నడుస్తున్నాయి. ఎవరి తండ్రో, ఎవరి అత్తో, ఖననం ఎక్కడో. రేడియో అద్దం మీద పచ్చగా ఎనభై రెండు. ఆ నంబరు పెట్టింది తనే, బండి కొన్న మొదటి రోజున. వాడు మార్చనే లేదు.

"ఏమందక్కా?" అన్నాడు వలుసింబి, ముందుకే చూస్తూ. వెనక సీటు మీద వాడి తుపాకి ఉంది.

"కొత్త తెర మీద తొంభై నాలుగు వస్తుందిరా. నువ్వు ఎనభై రెండు రాశావు."

వాడు స్టీరింగు మీద తల పెట్టేశాడు. భుజాలు కదిలాయి. చిన్నప్పుడు లెక్క తప్పితే కూడా అలాగే తల దాచుకునేవాడు.

"కావాలని కాదక్కా. అమ్మ తోడు. అందరూ నవ్వారు. తోశాను, అంతే. రుబరేమా సారుకి ఫోన్ చేస్తే, నేను చూసుకుంటా, తెర పీకి తీసుకురా అన్నాడు. నెలాఖరుకి ఆయన వాటా ఆయనకి కట్టాలి. నా దగ్గర ఇరవై వేలు తక్కువైంది."

"నన్నడిగితే నేనిచ్చేదాన్ని కదరా!" ఆవిడ వాడి భుజం పట్టి ఊపింది. "ఆ కుర్చీ అమ్మైనా ఇచ్చేదాన్ని కదరా, వెధవా!"

రేడియో ఇంకెవరి పేరో చదువుతోంది. వలుసింబి కళ్ళు తుడుచుకుని, ఆశగా అక్క వైపు తిరిగాడు.

"మన ముగ్గురికే తెలుసక్కా. నీకూ, నాకూ, ఆయనకీ."

"నలోంగోకి?"

వాడు కళ్ళు దించుకున్నాడు. "దాని సంగతి సాయంత్రం చూస్తానన్నాడు."

నలుమాన్సి దిగి, వెనక తలుపు తీసి, తుపాకిలోంచి గుళ్ళు తీసి సంచిలో వేసుకుంది. పదహారేళ్ళ అలవాటు. రోడ్డు అవతలికి కేకేసింది. "నలోంగో! పొయ్యి ఆర్పి వచ్చెయ్. పిల్లలెక్కడున్నారు? బళ్ళోనా? సరే, దారిలో ఎక్కించుకుందాం. ఇంక నువ్విక్కడ ఉండకూడదు."

నలోంగో ఒకసారి పొయ్యి వైపు, ఒకసారి కారు వైపు చూసింది. చేపల గిన్నె ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో ఒదిగి కూర్చుంది. కారంతా వేపుడు వాసన.

"జరుగు," అంది నలుమాన్సి తమ్ముడితో. "నేను నడుపుతాను."

"అక్కా... కోర్టుకా?"

"ఆవిడ నోరు మేజిస్ట్రేటు నమ్మడు. నా నోరు అసలే నమ్మడు. నువ్వే చెప్పాలి. నీ నోటితో, ఆయన వాటాతో సహా చెప్పాలి."

"నన్ను నువ్వే అప్పగిస్తావా?"

ఆవిడ డ్రైవరు వైపు తలుపు తీసి పట్టుకుంది. వాడు పక్క సీట్లోకి జరిగాడు, కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఆవిడ ఎక్కి తాళం తిప్పింది.

బండి కదిలేసరికి రేడియో గొంతు ఆ పేరు దగ్గరికొచ్చింది. విశ్రాంత భూగోళ ఉపాధ్యాయులు లుతాయాగారు, భార్యనీ వేలాది శిష్యుల్నీ విడిచి... వలుసింబి చెయ్యి చాచి ఆపబోయాడు. నలుమాన్సి ఆ మణికట్టు పట్టుకుంది. అక్షరాలు దిద్దించినప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుంది.

"ఉండనీ," అంది. "పూర్తిగా విను."

రెండింటికి ఇంకా నలభై నిమిషాలుంది.